వస్తుందన్న కెమెరా, వచ్చిన కెమెరా

మన షోలాపూర్‌లో మిల్లులు మూతబడ్డాక తండ్రులు సాంచెల మీదికి పోయిన్రు, కొడుకులు రకరకాల పనుల మీదికి పోయిన్రు. అందులో ఫోటో పని ఒకటి. అశోక్ చౌక్, దత్తనగర్, సాఖర్ పేట, అక్కల్‌కోట్ రోడ్డు, ఎటు పోయినా గల్లీకి ఒకడన్నా పెళ్లిళ్లకు ఫోటోలు, వీడియోలు తీసే పోరడు దొరుకుతాడు. భీవండి నుంచి, ముంబయి నుంచి వచ్చే చుట్టాలు కూడా వాళ్ల దగ్గర ఇదే తీరు అని చెప్తారు. కాబట్టి కెమెరా అన్నది ఇప్పుడు మన ఇండ్లల్లో షోకు వస్తువు కాదు. నాడె లాగ, అచ్చు లాగ అది పనిముట్టు. దాని మీద కిస్తు ఉంటుంది, ఆ కిస్తు కట్టడానికి ఇంట్లో ఆడవాళ్లు చుట్టే బీడీలు కూడా తోడైతుంటాయి.

ఈసారి ఆ పనిముట్టు గురించి రాస్తున్నాను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, పుట్టకముందే కెమెరా గురించి పుట్టే వదంతుల గురించి. నేను చదివింది నాలుగో తరగతి. కెమెరా పట్టి పని చేసినోణ్ని కాదు. కానీ నలభై ఏండ్లు మిషన్ల నడుమ బతికినవాణ్ని, మిషను గురించి అమ్మేవాడు చెప్పే మాట ఎట్లుంటదో, నడిపేవాడికి తెలిసే సంగతి ఎట్లుంటదో నాకు ఎరికే. మిగిలింది మన ఫోటో పిల్లలను అడిగి, వాళ్ల ఫోన్లలో చదివించుకొని తెలుసుకున్నాను.

2024 సంగతి మీకు యాది ఉండే ఉంటుంది. ఆ ఏడు మే, జూన్ నెలల్లో మూఢం పడ్డది. లగ్గాలు లేవు. ఎండాకాలం అంటే ఫోటో పిల్లలకు తిండి తినడానికి తీరిక ఉండని రోజులు, అట్లాంటిది పొద్దంతా చాయ్ హోటలు ముందరే కూసున్నరు. పని లేని చోట మాట ఎక్కువ. ఆ రెండు నెలలు వాళ్ల నోట్లో ఒకటే పేరు: కెనాన్ ఆర్1.

కెనాన్ జపాన్ కంపెనీ, టోక్యోలో ఉంటుంది. దాని కెమెరాలకు నంబర్లు పెడుతుంది. ఆ నంబర్లలో 1 అన్నది అన్నింటికన్నా పెద్దది. 1989లో రీలు కెమెరాకు మొదట ఆ 1 పెట్టిన్రు. 2001లో డిజిటల్‌లో ఈఓఎస్ 1డి వచ్చింది. అప్పుడు దాంట్లో ఉన్నది 4 మెగాపిక్సెల్ మాత్రమే, ఇప్పుడు మన జేబుల్లో ఉన్న చవక ఫోన్ల కన్నా తక్కువ. అయినా లోకంలో పెద్ద పెద్ద పేపర్ల ఫోటోగ్రాఫర్లు దానితో పని చేసిన్రు. తర్వాత అద్దం లేని కెమెరాలు వచ్చినయి. కెనాన్ 2018లో అద్దం లేని పెద్ద సెన్సర్ కెమెరా మొదలుపెట్టినా 1 నంబరు మాత్రం ఇవ్వలేదు. 2021లో ఆర్3 తెచ్చింది, అది చాలా పెద్ద కెమెరానే, కానీ 1 కాదు. ఇక అప్పటి నుంచి లోకమంతా ఆర్1 ఎప్పుడు, ఆర్1 ఎట్లుంటది అని ఎదురుచూపు. ఎదురుచూపు ఉన్న చోట వదంతి పుట్టక మానదు.

ఏమేమి వదంతులు? ఒకరు 45 మెగాపిక్సెల్ అన్నరు. ఒకరు 85 అన్నరు. గ్లోబల్ షట్టర్ ఉంటుందని కొందరు. క్వాడ్ పిక్సెల్ ఫోకస్ అని ఇంకొందరు, అంటే సెన్సర్ మీద ఒక్కొక్క చుక్కను నాలుగు ముక్కలు చేసి నాలుగు దిక్కుల నుంచి ఫోకస్ పట్టుకునే పద్ధతి. ధర పది వేల డాలర్ల దాకా పోతుందన్నోడు కూడా ఉన్నాడు.

2024 మే 15న కంపెనీయే ముందుకొచ్చి, అవును, ఆర్1 తయారవుతున్నది, ఈ ఏడాదే వస్తుంది అని చెప్పింది. కానీ ఎన్ని మెగాపిక్సెల్లో చెప్పలేదు, ధర చెప్పలేదు. ఇక్కడ ఒక మాట చెప్పాలె. వదంతులు బయటివాళ్లే పుట్టిస్తారని అనుకుంటాం గానీ, సగం చెప్పి సగం దాచితే మిగతా సగం జనమే అల్లుకుంటారని కంపెనీలకు తెలియదా? ఆర్3 అప్పుడు 2021 ఏప్రిల్‌లో ఇట్లనే చేసిన్రు. నికాన్ వాళ్లు జెడ్9కు 2021 మార్చిలో ఇట్లనే చేసిన్రు. నా లెక్కకు ఇది ఖర్చు లేని దండోరా.

జులై 17న అసలు కెమెరా బయటపడ్డది. 24 మెగాపిక్సెల్. గ్లోబల్ షట్టర్ లేదు. క్వాడ్ పిక్సెల్ లేదు. దాని బదులు ఫోకస్ నిలువు గీతనూ అడ్డం గీతనూ రెండింటినీ పట్టుకునేటట్టు సెన్సర్ మార్చిన్రు. సెకనుకు 40 ఫోటోలు తీస్తుంది. బటన్ పూర్తిగా నొక్కకముందు గడిచిన క్షణాలవి 20 ఫోటోలు వెనక్కి పోయి దాచిపెడుతుంది. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, వాలీబాల్ ఆటల్లో బంతిని కొట్టబోయేది ఎవరో తానే పసిగట్టి ఫోకస్ అటు తిప్పుతుంది. వ్యూఫైండర్‌లో మన కన్ను ఎటు చూస్తే ఫోకస్ అటు పోతుంది. అమెరికాలో ధర 6,299 డాలర్లు. అప్పటి లెక్కన మన రూపాయల్లో 5 లక్షల పాతిక వేలు, దాని మీద పన్నులు వేరే. లెన్స్ కూడా వేరే.

చాయ్ హోటలు ముందర పిల్లల మొగాలు వాడిపోయినయి. "గింతేనా కాకా? 24కు గన్ని పైసలా?" అని ఒకడు నన్నే అడిగాడు, నేనేదో ఆ కంపెనీ జాబరునన్నట్టు.

నాకైతే ఆ 24 అన్నది సమంజసంగానే తోచింది. ఎందుకో మన నేత లెక్కలో చెప్తాను.

సెన్సర్ అంటే 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న చిన్న పలక. దాన్ని ఒక బట్ట ముక్క అనుకోండి. 24 మెగాపిక్సెల్ అంటే అడ్డంగా 6000 చుక్కలు, నిలువుగా 4000 చుక్కలు. 6000 పడుగు పోగులు, 4000 పేక పోగులు. రెండూ కలిసే చోట్లు లెక్కబెడితే 2 కోట్ల 40 లక్షలు. అదే మెగాపిక్సెల్ లెక్క, ఇంకేం మాయ లేదు. పోగులు పెరిగితే బట్ట సన్నమవుతుంది, నిజమే. కానీ చద్దరుకు ఎన్ని పోగులు కావాలె, ధోతికి ఎన్ని కావాలె అన్నది వాడకాన్ని బట్టి ఉంటుంది గదా. దుబ్బటికి మల్లు బట్ట అచ్చు ఎవరూ వాడరు.

మన పెళ్లి ఆల్బం సంగతే చూడండి. ఇప్పుడు నడిచేది 12 అంగుళాల ఎత్తు, తెరిస్తే 36 అంగుళాల వెడల్పు ఉండే ఆల్బం. ఒక పక్క పేజీ 12 బై 18. మంచి ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు చాలు. 18ని 300తో గుణిస్తే 5400, 12ని 300తో గుణిస్తే 3600. రెండూ గుణిస్తే కోటి 94 లక్షలు, అంటే 20 మెగాపిక్సెల్ కూడా కాలేదు. 24 ఉన్న కెమెరాతో పేజీ నిండా పెండ్లికొడుకును పెట్టినా ఇంకా కొన్ని పోగులు మిగులుతాయి. రెండు పేజీలకు కలిపి ఒకే ఫోటో పరిచినప్పుడు, దూరంగా ఉన్నదాన్ని కత్తిరించి పెద్దగ చేసినప్పుడు 45 ఉంటే మేలు. కాదనను. కానీ ఒక పెండ్లికి మూడు వేల ఫోటోలు తీస్తారు. 45 మెగాపిక్సెల్ రా ఫైలు ఒక్కొక్కటి సుమారు 50 ఎంబి ఉంటే మూడు వేలకు 150 జీబీ. 24 అయితే దాంట్లో సగానికి కొంచెం ఎక్కువ. కార్డు, హార్డ్ డిస్కు, కంప్యూటర్ అన్నీ దానికి తగ్గట్టు కొనాలె. ఈ లెక్క ఏ వదంతిలోనూ నాకు కనిపించలేదు.

ఆర్1 అసలు మన పెండ్లిళ్ల కోసం చేసింది కూడా కాదు. అది చేసింది స్టేడియంలో కూసుండే పేపరోళ్ల కోసం. వాళ్లకు గోలు పడ్డ నిమిషంలోనే ఫోటో ఆఫీసుకు చేరాలె. అందుకే ఆ కెమెరాకు లాన్ వైరు పెట్టుకునే సందు ఉంటుంది. ఫైలు పెద్దగయితే పంపడానికి అంత ఆలస్యం. వాళ్లకు ఎక్కువ పోగులు కాదు, ఎక్కువ వేగం కావాలె. అందుకే ఇట్లాంటి పెద్ద కెమెరాలు ఒలింపిక్స్‌ను చూసుకొని వస్తాయి. 2016లో రియో ఆటలకు ముందు కెనాన్ 1డిఎక్స్ మార్క్ 2, నికాన్ డి5 వచ్చినయి. 2020 మొదట్లో, టోక్యో ఆటలకు ముందు 1డిఎక్స్ మార్క్ 3, డి6 వచ్చినయి. ఆ ఆటలు కరోనాతో ఏడాది వెనక్కి పోయినయి, అది వేరే సంగతి. 2024 జులై 26న పారిస్‌లో ఆటలు మొదలు, జులై 17న ఆర్1. ఎవరి వదంతీ లేకున్నా క్యాలెండరు చూసి ఈ మాత్రం చెప్పొచ్చు.

ఇంకో ముచ్చట. ఈ ఆర్1లోనే తీసిన ఫోటోను కెమెరాలోనే పెద్దగ చేసి 96 మెగాపిక్సెల్ చేసే ఏర్పాటు పెట్టిన్రు. 85 అన్నవాళ్లకు ఓదార్పేమో! ప్రాసెస్ హౌస్‌లో పని చేసినవాళ్లకు స్టెంటర్ మిషన్ తెలుసు. బట్టను రెండు పక్కలా పట్టి వెడల్పు లాగుతుంది. వెడల్పు పెరుగుతుంది, పోగులు పెరుగుతాయా? కెమెరా తెలివిగా ఊహించి నడుమ చుక్కలు నింపుతుందట. నింపనీ. నేసిన పోగు వేరు, నింపిన పోగు వేరు.

ఇక గ్లోబల్ షట్టర్. ఇది కొంచెం నిదానంగా చెప్పాలె, ఎందుకంటే మన పిల్లలను ఎక్కువ ఊరించింది ఇదే.

కెమెరాలో పాత షట్టర్ అంటే రెండు సన్నని తెరలు. టక్కుమని తెరుచుకొని మూసుకుంటాయి. ఇప్పుడు తెర లేకుండానే సెన్సర్ తానే వెలుతురును చదువుకునే ఎలక్ట్రానిక్ షట్టర్ వచ్చింది. చప్పుడు ఉండదు. తాళి కట్టే ఘడియలో టకటక లేకుంటే పంతులుకు కూడా సంతోషం. కానీ సెన్సర్ మొత్తం ఒకేసారి చదవదు. మీది వరుస ముందు, దాని కింది వరుస తర్వాత, అట్ల ఆఖరి దాకా. అచ్చం మనం బట్ట నేసినట్టే, పేక వెనక పేక. మొదటి పేక పడ్డప్పుడు బారాత్‌లో డ్యాన్సు చేసేవాడి చెయ్యి ఒక తాన ఉంటుంది, ఆఖరి పేక పడేటప్పటికి ఇంకో తాన ఉంటుంది. ఫోటోలో చెయ్యి వంకర పోతుంది. దానికన్నా మనకు ఎక్కువ తగిలేది లైట్ల గీతలు. మన దేశం కరెంటు 50 హెర్ట్జ్, చవక లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. కంటికి తెలవదు. సెన్సర్ వరుసలు చదివేటప్పుడు ఒక వరుసకు వెలుతురు, ఒక వరుసకు మబ్బు. ఫోటో మీద పట్టీలు పట్టీలుగా, చారల లుంగీ లాగ వస్తుంది. షట్టర్ వేగాన్ని వందో వంతుకో, యాభయ్యో వంతుకో పెడితే చాలా మట్టుకు పోతుందని మన పిల్లలకే తెలుసు. స్టేజీ వెనక పెట్టే పెద్ద ఎల్‌ఈడి తెరకు మాత్రం ఈ చిట్కా ప్రతిసారీ పని చెయ్యదు.

దీన్ని తగ్గించడానికి సెన్సర్ వెనకే మెమరీ పొర పెట్టి చాలా జోరుగా చదివే సెన్సర్లు చేసిన్రు. స్టాక్డ్ సెన్సర్ అంటారు. నికాన్ జెడ్9లో ఆ జోరు ఎంతదాకా పోయిందంటే, వాళ్లు తెరల షట్టరే తీసిపారేసిన్రు. ఆర్1లో కూడా స్టాక్డ్ సెన్సరే. గ్లోబల్ షట్టర్ అయితే ఇంకో మెట్టు. వరుసలు లేవు, సెన్సర్ మొత్తం ఒక్క దెబ్బకు చదువుతుంది. గజం బట్ట ఒకే పోటుకు నేసినట్టు. వంకర లేదు. ఎంత వేగం పెట్టినా ఫ్లాష్ పని చేస్తుంది.

అట్లాంటిది వచ్చింది కూడా, కానీ కెనాన్‌లో కాదు. 2023 నవంబరులో సోనీ ఎ9 మూడో మాడల్‌లో తెచ్చింది. 24 మెగాపిక్సెల్, సెకనుకు 120 ఫోటోలు, ధర 6 వేల డాలర్లు. ఇక ఆర్1లో గ్లోబల్ షట్టర్ ఖాయం అనే మాట ఇంకా గట్టిపడ్డది. సోనీ చేస్తే కెనాన్ చెయ్యదా అని. కానీ ఆ సోనీలో ఐఎస్ఓ మామూలుగా 100 నుంచి కాక 250 నుంచి మొదలవుతుంది. ఒక్కొక్క చుక్క దగ్గర వెలుతురును పట్టి ఆపే ఏర్పాటుకు జాగ కావాలె గదా, ఆ జాగ వెలుతురు పట్టే గిన్నె లోంచే పోతుంది. నల్ల కోటు, తెల్ల చీర పక్కపక్కన ఉన్నప్పుడు రెండింటిలోనూ వివరం దక్కించుకునే శక్తి కొంచెం తగ్గుతుంది. మన పెండ్లిలో ఉండేది అదే గదా, తెల్ల బట్టల పెండ్లికూతురు, సూటు వేసిన పెండ్లికొడుకు అన్న! ఆటల ఫోటోకు అది పెద్ద లోపం కాకపోవచ్చు. ఎవరి పనికి ఏది అన్నదే లెక్క.

సాంచె అమ్మేవాడు ఎప్పుడూ నిమిషానికి ఎన్ని పిక్కులో చెప్తాడు. ఆ వేగానికి పేక ఎన్నిసార్లు తెగుతుందో చెప్పడు. అది ముడి వేసేవాడికి తెలుస్తుంది.

ఇట్లని వదంతులన్నీ అబద్ధం అని నేను అనడం లేదు. 2020 మొదట్లో ఆర్5 అనే కెమెరా గురించి 45 మెగాపిక్సెల్, 8కె వీడియో అని వదంతి లేచింది. 8కె అంటే టీవీలు కూడా సరిగ్గా రాని రోజులు. తెలిసినవాళ్లే నవ్విన్రు. ఫిబ్రవరి 13న కంపెనీ 8కె నిజమే అన్నది. జులై 9న కెమెరా వచ్చింది, 45 కూడా నిజమే. వదంతి అంకె అంకె నిజమైంది. కానీ కెమెరాతో వచ్చిన కంపెనీ కాగితాల్లో ఇంకో అంకె ఉన్నది. 23 డిగ్రీల చల్లదనంలో 8కె వీడియో 20 నిమిషాలు తీస్తే కెమెరా వేడెక్కి ఆగుతుంది. 23 డిగ్రీలు! మన షోలాపూర్‌లో వైశాఖంలో మధ్యాహ్నం లగ్గమంటే షామియానా కింద 40 దాటుతుంది. మంగళాష్టకాలు అయ్యేలోపలే కెమెరా చల్లబడే దాకా ఆగాలె. తర్వాత సాఫ్ట్‌వేర్ మార్చి కొంత సర్దిన్రు. 2022లో అదే కెమెరాను లోపల ఫ్యాను పెట్టి ఆర్5 సి అని వేరే తెచ్చిన్రు. 2024లో ఆర్1తో పాటు వచ్చిన ఆర్5 మార్క్ 2కు అడుగున తగిలించుకునే ఫ్యాను గ్రిప్పు వేరే అమ్ముతారు. మామూలు ఫోటోలకు, 4కె వీడియోకు ఆర్5 ఎంతోమందికి అన్నం పెట్టింది, అది మంచి కెమెరానే. నేను చెప్పేది, వదంతి నూటికి నూరు పాళ్లు నిజమైనా దాంట్లో వేడి సంగతి లేదు.

వదంతులు ఎక్కడి నుంచి పుడతాయో కూడా తెలుసుకుంటే కొన్నింటిని నమ్మొచ్చు, కొన్నింటిని వదిలెయ్యొచ్చు. వై-ఫై, బ్లూటూత్ ఉన్న ఏ మిషన్‌నైనా అమ్మే ముందు చాలా దేశాల్లో సర్కారు దగ్గర నమోదు చెయ్యాలె. ఆ కాగితాల్లో కొత్త నంబరు కనిపిస్తే, ఏదో ఒక కెమెరా దగ్గరపడ్డది అని అర్థం. ఇది గట్టి ఆనవాలు, కానీ అది ఏ కెమెరానో, దాంట్లో ఏముందో చెప్పదు. రెండోది పేటెంటు కాగితాలు. క్వాడ్ పిక్సెల్ లాంటివి ముందు అక్కడే కనిపిస్తాయి. కంపెనీలు వంద ఉపాయాలకు పేటెంటు తీసుకుంటాయి, అందులో అంగట్లోకి వచ్చేవి కొన్నే. మూడోది, కెమెరా బయటికి రాకముందే కొందరు పేరున్న ఫోటోగ్రాఫర్లకు ఇచ్చి వాడిస్తారు. వాళ్లు నోరు విప్పొద్దని రాయించుకుంటారు. కానీ ఫోటో నోరు విప్పుతుంది. 2021లో టోక్యో ఆటల్లో ఆర్3తో తీసిన ఒక ఫోటో బయటపడితే దాంట్లోనే సైజు రాసి ఉన్నది, 6000 బై 4000. అంటే 24. అప్పటిదాకా 30 అన్నవాళ్లు, 45 అన్నవాళ్లు సెప్టెంబరులో కంపెనీ చెప్పకముందే మాట మార్చుకున్నరు. కన్నుతో ఫోకస్ పెట్టే పద్ధతి ఉన్నది గదా, అది 1992లోనే కెనాన్ రీలు కెమెరాలో ఉండేది. మళ్లీ వస్తుందని ఏండ్ల తరబడి అన్నరు, ఆర్3లో వచ్చింది. మిగతావి ఎవరో అనుకున్నది, ఇంకొకరు విన్నది. చౌక్‌లో బోనస్ వస్తుందన్న మాట దీపావళికి ముందు తిరిగినట్టే.

ఇదంతా రాయడానికి అసలు కారణం మా బంధువుల పిల్లవాడు. నన్ను తాతా అంటాడు. పేరు ఎందుకులే. వాడి నాన్న టవల్ సాంచెల మీద, అమ్మ బీడీల మీద. వాడు పెండ్లి ఫోటోల్లో పడి ఆరేడేండ్లు, చేతి పని మంచిది. 2024 జూన్‌లో, ఆ మూఢం రోజుల్లో, నడుస్తున్న తన కెమెరాను అమ్మేసిండు.

నేను అడిగితే, "తాతా, కొత్తది దిగినంక దీన్ని ఎవడు అడుగుతడు? ఇప్పుడమ్మితే నాలుగు పైసలు ఎక్కువొస్తయి. ఆర్1 రాంగనే మిగతావాటి ధరలన్నీ పడ్తయి, అప్పుడు పెద్దది తీసుకుంట" అన్నాడు. లెక్క వినడానికి బాగానే ఉన్నది. వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చి, "మామా, మీరన్న చెప్పున్రి, చేతిల ఉన్న పనిముట్టు అమ్ముకుంటరా ఎవరన్నా?" అని కండ్లనీళ్లు పెట్టుకున్నది. అప్పటికే బేరం అయిపోయింది.

ఆగస్టులో శ్రావణం వచ్చింది, మూఢం పోయింది, లగ్గాలు ఒక్కసారే మీద పడ్డయి. వాడి చేతిలో కెమెరా లేదు. ఆర్5 మార్క్ 2 అమెరికాలోనే ఆగస్టు ఆఖరుకు గానీ అంగట్లోకి రాలేదు. ఆర్1 అయితే నవంబరులో. వాడు ఒక్కొక్క లగ్గానికి కెమెరా, లెన్స్ కిరాయికి తెచ్చుకొని పని చేసిండు. నారళీ పున్నమికి మార్కండేయ రథోత్సవం నాడు కూడా కిరాయి కెమెరానే మెడలో ఏసుకొని తిరిగిండు. వచ్చిన దాంట్లో పెద్ద ముక్క కిరాయికే. ధరలు పడతాయన్నది కొంత నిజమే, పాతవాటివి కొంచెం పడ్డయి. కానీ వాడు కొనాలనుకున్న కొత్తది 4,299 డాలర్లు, పాత ఆర్5 మొదట వచ్చినప్పటి ధర కన్నా 400 డాలర్లు ఎక్కువ. దాని మీద మన దగ్గర 18 శాతం జీఎస్టీ. వాళ్లమ్మ బచత్ గట్‌లో అడిగి పెట్టిన అప్పుతో కార్తీకంలో ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నడు. 24 మెగాపిక్సెల్‌దే. అమ్మిన దానికీ ఇప్పుడు కొన్నదానికీ పనిలో ఎక్కువ తేడా లేదని వాడే చెప్పిండు. నడుమ పోయిన పైసలు మాత్రం బచత్ గట్ పుస్తకంలో ప్రతి నెలా తీరుతున్నయి, బీడీల లెక్కలో.

ఇంకొకడు ఉన్నాడు మా గల్లీలోనే, వాడికి ఈ గోల పట్టలేదు. 2021 నాటి జెడ్9 ఉన్నోళ్ల దగ్గర సహాయకుడిగా పోతాడు. ఆ కెమెరాకు కంపెనీ వాళ్లు తర్వాత సాఫ్ట్‌వేర్ ఇచ్చుకుంటూ పోయిన్రు. 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన దాంతో 8కె రా వీడియో కెమెరా లోపలే తీసే పని వచ్చింది. అంటే కొన్నాక కెమెరా పెరిగింది, పైసా లేకుండా. పాత కెమెరాకు వచ్చే ఇట్లాంటి మార్పుల మీద వదంతులు తక్కువ. ఎందుకంటే దాంట్లో ఎవరికీ అమ్ముకునేది లేదు.

ఇప్పుడు మళ్లీ చాయ్ హోటలు ముందర జెడ్9 తర్వాతది వస్తుందట అనే మాట మొదలైంది. రెడ్ అనే సినిమా కెమెరాల కంపెనీని నికాన్ 2024లో కొన్నది, కాబట్టి వీడియో గట్టిగా ఉంటుందని పిల్లలు అంటున్నరు. ఉండొచ్చు. 2028లో లాస్ ఏంజెలెస్ ఆటలు ఉన్నయి, కాబట్టి ఆలోపల అన్ని కంపెనీలూ ఏదో ఒకటి తెస్తాయన్నది క్యాలెండరు మాట. మా పిల్లవాడు కూడా ఫోన్ తెచ్చి నాకు చదివి వినిపించిండు, ఇన్ని మెగాపిక్సెల్, ఇంత వేగం అని. "ఎండల ఎంతసేపు నడుస్తదట?" అని అడిగిన. రెండుసార్లు కిందికీ మీదికీ చూసి, "అది రాయలే తాతా" అన్నడు.

ఆ సంగతి మనమే రాసుకోవచ్చు. షోలాపూర్, భీవండి, ముంబయి, ఇంకా ఎక్కడున్నా సరే, ఫోటో పని చేసే పిల్లలు తమ కెమెరా మే నెల మధ్యాహ్నం షామియానా కింద ఎన్ని నిమిషాలు వీడియో తీసి ఆగిందో, ఒక బ్యాటరీకి ఎన్ని ఫోటోలు వచ్చినయో, ఎల్‌ఈడి తెర ముందర గీతలు వచ్చినయో లేదో, నాలుగు లైన్లు రాసి పత్రికకు పంపండి. కెమెరా పేరు, కొన్న ఏడాది రాస్తే చాలు, మీ పేరు అక్కర లేదు. చేతిరాత అయినా సరే. పది మందివి జమ అయితే వచ్చే లగ్గాల సీజనుకు ముందు ఒక పేజీలో వేయమని సంపాదకులను అడుగుతాను.